నీరటి బొంద మీద పచ్చగడ్డి

సాలమ్మకు ఊళ్లో తాగడానికి నీళ్లు కరువైన ఏడాదే, కొంపల్లిలో గడ్డికి నీళ్లు పట్టే పని దొరికింది. దేవుడికి వేళాకోళం బాగా అలవాటనీ, అదీ బీదవాళ్లతోనే ఆడతాడనీ అనిపించేది ఇలాంటివి చూసినప్పుడే.

రెండువేల రెండో సంవత్సరం అది. మిరుగం కార్తె వచ్చింది, పోయింది. ఆరుద్ర వచ్చింది, పోయింది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య, పెద్ద రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న వాళ్ల ఊళ్లో వేపచెట్లు కూడా ఆకు రాల్చుకుని నిలబడ్డాయి. బడి పక్కనున్న బోరింగు ఒక్కటే ఇంకా నీళ్లు పోసేది. తెల్లారకముందే దాని ముందు బిందెలు వరస కట్టేవి. ఇంటికి రెండు బిందెలని ఊరి కట్టడి. ఆ రెండింటి కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవారు, ఒకరి తాతముత్తాతల్ని ఒకరు లేపి తిట్టుకునేవారు. సాలమ్మ తన బిందెలు ఇంట్లో దించి, సద్ది కట్టుకుని, సెవెన్ సీటర్ ఆటోలో పదిమంది నడుమ ఇరుక్కుని కొంపల్లి పోయేది. అక్కడ లలితకుమారి అనే కాలేజీ మేడమ్ ఇంటి ముందు, ఎత్తయిన ప్రహరీ లోపల, చాప పరిచినట్టు మెత్తటి పచ్చిక. పైపు పట్టుకుని దాన్ని పొద్దునా సాయంత్రం తడపాలి.

"అంచులు బాగా తడుపు సాలమ్మా, ఎండకు ముందు మాడిపోయేవి అంచులే" అనేది లలితకుమారి.

మంచి మనిషి. టీ ఇచ్చేది, పండక్కి చీర పెట్టేది. నీళ్లెక్కడివని ఎవరైనా అడిగితే ట్యాంకర్‌వి అని చెప్పేది. ట్యాంకర్‌కు ఎక్కడివని ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. సాలమ్మకు ఆలోచించే పనే లేదు. ఆ ట్యాంకర్ నడిపేది ఆమె కొడుకు ఎల్లేష్. అందులో నింపేది వాళ్ల ఊరి జనార్ధన్ పటేల్ బోరు నీళ్లు. తల్లికి ఊళ్లో దొరకని నీళ్లను కొడుకు మోసుకొస్తే, తల్లే వాటిని పరాయి గడ్డికి పోసేది.

ఈ తల్లీకొడుకుల సంగతి తెలియాలంటే ముందు తండ్రి సంగతి తెలియాలి. సాలమ్మ మొగుడు ఇస్తారి ఆ ఊరి నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం, కాలువ వెంట తిరిగి ఎవరి మడికి ఎంత తడి చెందాలో అంత పారించడం వాళ్ల వంశం పని. చెరువు నిండిన ఏట నీరటిని ఎవరూ పలకరించరు. నీళ్లు తగ్గిన ఏట మాత్రం ఊరంతా అతని నోరు చూసేది. అలాంటి ఏడు తైబంది కట్టేవారు. అంటే చెరువులో ఉన్న నీళ్లకు ఎంత పొలం పారుతుందో అంతే, అదీ తూముకు దగ్గరున్న పొలాన్నే, ఊరి రైతులందరూ పంచుకుని నాటుకోవాలి. పెద్ద ఆసామికైనా రెండు మళ్ల వాడికైనా వాడి వంతు వాడిదే. ఆ వంతు తప్పకుండా చూడటమే నీరటి పని. ఒకరి మడి గండి ఇంకొకరు తెంచితే, పార భుజాన వేసుకుని అక్కడే నిలబడి పూడ్పించి గానీ కదిలేవాడు కాదు ఇస్తారి.

పెళ్లయిన కొన్నేళ్లకు అతని పెదవి మీద తెల్లమచ్చ లేచింది. అక్కడి నుంచి వేళ్లకు, మోచేతులకు, వీపుకు పాకింది. ఆ తర్వాత ఊరు అతన్ని బొల్లి ఇస్తారి అంది. అతను పారించే నీళ్లు మడికి కావాలి, అతని చేతి నీళ్లు నోటికి వద్దు. పెళ్లి పందిట్లో అతని విస్తరి ఆ చివర ఎక్కడో వేసేవారు. మన ఊళ్ల మర్యాద అంతే. పని చేయించుకునేటప్పుడు అంటని రోగం పక్కన కూర్చుంటే అంటుతుంది.

తెల్లబడ్డ చోటల్లా ఎండ తగిలితే అతనికి పొక్కులు లేచేవి. మండే వేసవిలో కూడా నెత్తి మీద నుంచి గొంగడి కప్పుకుని కట్ట మీద తిరిగేవాడు. సాయంత్రం సాలమ్మ చెరువు బురద తెచ్చి అతని వీపుకు పూసేది. "సల్లగుందే సాలీ" అని కళ్లు మూసుకునేవాడు. వాళ్ల కాపురంలో సుఖం అనదగ్గది ఏదైనా ఉందంటే ఆ కాసేపే.

తొంభై ఏడులో కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. పోయే ముందు అడిగింది ఒక్కటే. "నన్ను తూము కాడ మట్టి చేయుండ్రి. గాడ సల్లగుంటది. ఎండల మాత్రం పడెయ్యకే" అన్నాడు. వాళ్ల కులంలో కాల్చరు, మట్టే చేస్తారు. బొల్లి మనిషిని అందరి బొందల గడ్డలో పెట్టడం ఇష్టం లేని ఊరు కూడా తూము దగ్గరైతే సరేనంది. కట్ట నీడ పడే చోట, సర్కారు తుమ్మల వెనక, తడి మట్టిలో ఇస్తారిని గొంగడితో సహా పడుకోబెట్టారు. సాలమ్మకు ఏడుపు మధ్యలోనే ఒక నిబ్బరం కలిగింది. అడిగినట్టే చల్లటి చోటు దొరికింది కదా అనుకుంది.

ఆ తర్వాత చెరువు ఎక్కువ కాలం బతకలేదు. వానలు తగ్గాయి, నిజమే. వానలొక్కటే అయితే చెరువు రెండేళ్లు పడుకుని మూడో ఏట లేచేది. ఇదివరకు ఎన్నిసార్లు అలా లేవలేదు! కానీ పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు తెచ్చే కట్టుకాలువ మీద ఎవరో ప్లాట్లు చేసి, రాళ్లు పాతి, గోడ లేపారు. గుండ్లపోచంపల్లి దిక్కున గోదాములూ బౌరంపేట్ దిక్కున ఇళ్లూ లేస్తుంటే, వాటి పునాదుల్లోకి చెరువు మట్టి లారీలకెక్కి పోయింది. తైబంది మాట మరిచి ఎవరికి వారే బోర్లు వేసుకున్నారు. చిన్నవాళ్ల బోర్లు ముందు ఎండాయి. చెరువును ఆనుకుని జనార్ధన్ పటేల్ వేసిన బోరు అందరికంటే లోతుకు దిగి, అందరి కింది నీళ్లనూ లాగింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. అక్కడి నీళ్లు పల్లం సంగతి మరిచి, ట్యాంకర్ ఎక్కి కొంపల్లి మేడల మీదికి పోవడం నేర్చుకున్నాయి. నిజం సంగతి దేవుడికైనా గుర్తుందో లేదో.

తండ్రి నీళ్లు పంచేవాడైతే కొడుకు నీళ్లు తరలించేవాడయ్యాడు. ఎల్లేష్‌ను తప్పుపట్టడానికి లేదు. తూమే ఎండిపోయాక నీరటికి పనేముంది? ఇంట్లో పెళ్లాం, చంటిపిల్ల ఉన్నారు. పటేల్ స్టీరింగ్ ఇచ్చాడు, పట్టుకున్నాడు. రోజూ ఆఖరి ట్రిప్పులో ట్యాంకర్ అడుగున మిగిలిన నీళ్లను ఒక క్యాన్‌లోకి వంపుకుని, గోనెసంచి కప్పి ఇంటికి తెచ్చేవాడు. పటేల్ ఇలాంటివి క్షమించే మనిషి కాదు. అంతకు ముందున్న డ్రైవర్ ఒక బకెట్ నీళ్లు తన ఇంటి ముందు దించుకున్నాడని, ఊరి నడుమ చెప్పుతో కొట్టి తరిమాడు. అందుకే ఎల్లేష్ మొదటి క్యాన్ తెచ్చిన రోజే పిల్లను తల్లి ముందుకు తెచ్చాడు.

"దీని నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టెయ్యమ్మా. ఈ నీళ్ల ముచ్చట మన గడప దాటొద్దు. దాటిందంటే మనకు నీళ్లూ ఉండయి, కూడూ ఉండది" అన్నాడు.

సాలమ్మ చంటిదాని మెత్తటి మాడు మీద చెయ్యి పెట్టింది.

ఆ వేసవిలో ఒక పొద్దున ఆమె పుల్లల కోసం తుమ్మల్లోకి పోయి, ఇస్తారి బొంద దగ్గర ఆగింది. చెరువు అడుగంతా నెర్రెలు విచ్చింది. తూము దగ్గరి తడి ఏనాడో ఇగిరిపోయింది. కట్ట తెగ్గొట్టి మట్టి తోలుకుపోవడంతో ఆ నీడ కూడా సగం పోయింది. వంగి బొంద మీద చెయ్యి వేసింది, చురుక్కుమంది. పొద్దున ఆ వేళకే అంత వేడి ఉంటే, మిట్టమధ్యాహ్నం ఇంకెంత ఉంటుంది! చచ్చిన మనిషికి ఎండేమిటి, చలేమిటి అని మనమంటాం. పొక్కులు లేచిన వీపుకు ఇరవై ఏళ్లు బురద రాసిన చేతికి ఆ మాట ఎక్కదు. ఆ రోజంతా ఆమెకు కూడు సయించలేదు.

కొంపల్లిలో మర్నాడు లలితకుమారి పచ్చిక అంచులు కత్తిరించి సరిచేయమంది. వేళ్లతో సహా ఊడొచ్చిన గడ్డి పెళ్లలు ఒక మూల కుప్ప పడ్డాయి.

"ఇది తీస్కపోనా అమ్మా?" అంది సాలమ్మ.

"పారేసేదే కదా, తీసుకుపో. కుండీలో పెట్టుకుంటావా? రోజూ కాసిని నీళ్లు పోయాలి సుమా, లేకపోతే బతకదు" అంది ఆమె.

సాలమ్మ ఆ పెళ్లల్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చి బొంద మీద పరిచింది. ఆ రోజు నుంచీ, బోరింగు దగ్గర వరస మొదలయ్యే ముందే, కొడుకు తెచ్చిన క్యాన్‌లోంచి తన వంతు చెంబుతో ముంచుకుని, కొంగు చాటున పెట్టుకుని తూము దాకా నడిచేది. గడ్డి వేళ్ల మీద నెమ్మదిగా పోసేది. ఒక్క చుక్క పక్కకు పోనిచ్చేది కాదు. "సల్లగైందా?" అని అడిగేది. గడ్డి బతికింది. బతకడమే కాదు, పాకింది. కనుచూపు మేరలో పచ్చనిది ఏదీ లేని ఆ చెరువులో, ఒక మనిషి పడుకునేటంత మేర లేత పచ్చగా లేచి నిలిచింది. ఆ పచ్చదనం చూసి సాలమ్మ మురిసింది. అదే ఆమె చేసిన తప్పు. నీడ కోసం తాటాకో కంపో కప్పి ఉంటే ఎవరి కంటా పడేది కాదు.

పడింది మొగులయ్య కంట. మేకలు మేపుకుని బతికే మనిషి, మాటకు మెత్తన. ఆ ఏడు అతని మంద సగానికి సగం చచ్చింది. మేకలు అట్టముక్కలూ పాలిథిన్ సంచులూ తిని కడుపులుబ్బి పడిపోతుంటే పక్కన కూర్చుని ఏడ్చేవాడు. ఒకరోజు ఒక మేక వాసన పట్టి తుమ్మల్లోకి దూరింది. వెనకే పోయిన మొగులయ్య కళ్లు నులుముకున్నాడు. పచ్చగడ్డి! అదీ ఆ చుట్టుపక్కల ఎన్నడూ చూడని గడ్డి. గరిక కాదు, తుంగ కాదు. ఎన్ను లేదు, గింజ లేదు, చాపలా దట్టంగా అల్లుకుని ఉంది. అది ఎవరి బొందో గుర్తొచ్చేసరికి, గడ్డి కొరుకుతున్న మేకను చెవి పట్టుకుని ఈడ్చుకుంటూ ఊళ్లోకి పరుగెత్తాడు.

ఆ మేక మర్నాడు చచ్చింది. మేకలు రోజూ చస్తూనే ఉన్నాయి. ఈ మేక మాత్రం బొల్లోని గడ్డి తిని చచ్చింది.

ఊరు అప్పటికి చేయగలిగినవన్నీ చేసింది. రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పి కప్పతల్లి ఆడారు. పోచమ్మకు బోనం ఎత్తారు. శివుణ్ణి గర్భగుడి నిండా నీళ్లలో ముంచుదామంటే, ముంచడానికి నీళ్లు లేవు. కరువులో అధికమాసం అన్నట్టు బోరింగు కూడా దగ్గడం మొదలుపెట్టింది. ఆ కోపంలో ఆడవాళ్లు ఒకరోజు ఖాళీ బిందెలతో పటేల్ ట్యాంకర్‌కు అడ్డం కూర్చున్నారు. "ముందుగాల మా గొంతులు తడిపి గప్పుడు కొంపల్లికి వో" అన్నారు. పటేల్ వచ్చి నాలుగు మాటలు చెప్పి లేపాడు గానీ, ఆ రోజు నుంచి అతనికి కంటి నిండా నిద్ర లేదు. మొదటిసారి ఊరు సరైన చోటికే వేలు చూపించింది మరి. సరిగ్గా అప్పుడే మొగులయ్య గడ్డి సంగతి తెచ్చాడు. అతని బిడ్డను పాలమూరు దిక్కు ఇచ్చారు. బొల్లి పీనుగను మట్టిలో పెడితే వాన కట్టుబడుతుందని, తీసి కాలిస్తేనే మబ్బు కరుగుతుందని ఆ దిక్కు చెప్పుకుంటారట. మనిషికి దాహమైనప్పుడు ఏ మాటైనా గొంతు దిగుతుంది.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు ఊరు కూడింది. పటేల్ కుర్చీలో కూర్చున్నాడు. ఎల్లేష్ చంటిపిల్లను ఎత్తుకుని ఆ కుర్చీ వెనకాల నిలబడ్డాడు. మొగులయ్య తెచ్చిన గడ్డి పిడికెడు చేతులు మారుతోంది.

"గీ గడ్డి మన దిక్కు ఎన్నడన్న జూసిండ్రా? ఊరంత మాడుతుంటే గాయినొక్కడే తాగుతున్నడు. భూమిల నీళ్లన్ని గాయినే గుంజుతున్నడు" అన్నాడు మొగులయ్య.

భూమిలో నీళ్లు గుంజే పటేల్ మోటారు చప్పుడు చెరువు దిక్కు నుంచి ఆ మాటల మధ్యే వినపడుతూ ఉంది. ఆదివారమని దానికి సెలవు లేదు. చెవులు అందరికీ ఉన్నాయి గానీ ఎవరూ అటు తిరగలేదు.

"నాకైతే గీ ముచ్చట్ల మీద నమ్మకం లేదు" అన్నాడు పటేల్ మెత్తగా. "గని ఊరు పరేషాన్ల ఉన్నది. ఊరందరి మాట ఏదో నా మాట గదే."

నమ్మకం లేని మనిషి ఒక్క మాటతో దాన్ని ఆపగలిగేవాడు. అతను చెయ్యాల్సిందల్లా వద్దనడం. ఆ వద్దు అనే మాట నోట్లోనే నొక్కిపెట్టుకుని మీసం దువ్వుకున్నాడు.

సాలమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఆ గడ్డి నేను వెట్టిన పటేలా! నేను పని జేసే మేడమ్ ఇంటికెల్లి తెచ్చి వెట్టిన. రోజు నీళ్లు గూడ నేనే పోస్తున్న. ఆయన ఏం తాగుతలేడు. సచ్చినోడు ఏం తాగుతడయ్యా! ఆయన జోలికి వోకుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

జనం ఒక్క క్షణం తగ్గారు. మొగులయ్య కూడా గడ్డి వంక అనుమానంగా చూశాడు. అప్పుడు పక్కింటి నర్సమ్మ లేచింది. ఆమె దుర్మార్గురాలేమీ కాదు. బోరింగు దగ్గర చెయ్యి విరిగిన మనిషి.

"ఏ నీళ్లు పోసినవే అక్కా? ఇంటికి రెండు బిందెలు. మీరు నలుగురు. తాగంగ, వండంగ సచ్చినోనికి పోయనీకి నీళ్లెక్కడియి?"

సాలమ్మ నోరు తెరిచి కొడుకు వైపు చూసింది. అతని భుజం మీద చంటిది నిద్రపోతోంది, తల అటూ ఇటూ ఊగుతోంది. ఆ తల మీదే కదా ఒట్టు. ఇటు చెబితే బతికున్న పిల్ల, అటు చెప్పకపోతే మట్టిలోని మొగుడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే.

"నా వంతు... నేను తాగకుంట పోసిన" అంది చివరికి.

ఎవరో నవ్వారు. "ఎండకాలమంత నీళ్లు తాగకుంటనే బతికినవా?" అన్నారు. నవ్వు పాకింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నిజంలో సగం దాచినందుకు ఆమె చెప్పిన మిగతా సగమూ అబద్ధమైపోయింది. "మొగని బొంద కాపాడుకోనీకి ఏదో జెప్తాంది తీయుండ్రి, పాపం" అన్నాడు మొగులయ్య జాలిగా. ఆ జాలి ఆమెను తిట్టు కంటే ఎక్కువ కోసింది.

పటేల్ వెనక్కి తిరిగాడు. "ఎల్లేష్, నువ్వు కొడుకువు. నీ మాట జెప్పు."

ఇక మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్లు నేను తెచ్చిన అంటే చాలు. చెప్పు దెబ్బ పడేది, పని పోయేది, నాయిన మట్టిలో ఉండేవాడు. సాలమ్మ కొడుకు పెదవుల వంకే చూస్తోంది. ఎల్లేష్ పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"అమ్మకు ఈ నడుమ మతి సక్కగ ఉంటలేదు పటేలా. ఊరు ఏది జెప్తే గదే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పారలు పట్టుకుని కదిలారు. సాలమ్మ అందరికంటే ముందు పరుగెత్తి గడ్డి మీద బోర్లా పడుకుంది. రెండు చేతుల్తో గడ్డిని గుప్పిళ్లకు పట్టింది. పార దింపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి ఎల్లేషే వంగి, చంకల కింద చేతులు వేసి లేపాడు. "లెవ్వమ్మా. అయిపోతది, జల్దీ అయిపోతది" అంటున్నాడు. ఆమె గుప్పిళ్లలో గడ్డి ఊడొచ్చింది. నర్సమ్మా ఇంకో ఇద్దరూ ఆమెను పట్టుకున్నారు.

మట్టి గట్టిపడి ఉంది. గునపం వేశారు. ముందు గొంగడి పీలికలు వచ్చాయి, తర్వాత ఎముకలు. చెరువు నడుమ నెర్రెల మీద వాటిని తెచ్చి పోశారు. నెత్తిన సూర్యుడు నిప్పులు కక్కుతున్నాడు, మబ్బు తునక లేదు. సాలమ్మ ఒక్కసారి విదిలించుకుని, కొంగు విప్పి పరిచి ఆ ఎముకల మీదికి వంగింది. "ఎండ గొడ్తాంది! ఆయనకు ఎండ పడదు! జర నీడకన్న జరపుండ్రయ్యా!" అని అరిచింది. ఆడవాళ్లు ఆమెను వెనక్కి లాగి కొంగు సర్దారు. ఒకామె మొహం తిప్పుకుని ఏడ్చింది కూడా. ఏడ్చింది గానీ, పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

కట్టెలు చాల్లేదు. పటేల్ పంపించిన డబ్బాడు కిరోసిన్, ట్యాంకర్‌కు అరిగిపోయిన పాత టైరు ఒకటి తెచ్చారు. ఎముకల్ని టైరు నడుమ పేర్చారు. పెద్దకొడుకైనా చిన్నకొడుకైనా ఎల్లేషే కాబట్టి అగ్గిపుల్ల అతని చేతికే ఇచ్చారు. నల్లటి పొగ లేచి కట్ట దాటి పోయింది. ఊరు చేతులు జోడించి ఆ పొగను చూసింది, అదే మబ్బు అవుతుందన్నట్టు.

తర్వాత సాలమ్మ కొంపల్లి పోలేదు. కొడుకు తెచ్చిన క్యాన్ ముట్టలేదు. కోడలు బోరింగు నీళ్లు వేరే చెంబులో పెట్టి ఇస్తే గొంతు తడుపుకునేది. ఎల్లేష్ ఎదురుపడితే గోడవైపు తిరిగేది. అతను గడపలో నిలబడి "అమ్మా, పిల్ల కోసమే గదనే" అనేవాడు. పిల్ల కోసమే అని ఆమెకూ తెలుసు, తనూ అక్కడ నోరు మూసుకున్నది పిల్ల కోసమే. ఆ సంగతి తెలిసి ఉండటం వల్ల కొడుకును కడుపారా తిట్టుకునే వీలు కూడా లేకపోయింది.

ఆశ్లేష కార్తెలో వాన పడింది. ఆ కార్తెలో వాన పడటం కొత్తేమీ కాదు. పోయిన ఏడు ఆలస్యంగానైనా అప్పుడే పడింది, అంతకు ముందూ పడింది. ఇది మాత్రం ఇస్తారిని కాలిస్తే పడ్డ వాన అయింది. పెద్ద వానే. కానీ కట్టుకాలువలోకి రావాల్సిన వరద గోడకు తగిలి రోడ్డెక్కి ఎటో పోయింది. చెరువులో పాదం మునిగేటంత నీళ్లు నిలిచి, వారం తిరక్కముందే ఇంకిపోయాయి. పటేల్ మోటారు మళ్లీ అందుకుంది, ట్యాంకర్ మళ్లీ కొంపల్లి దారి పట్టింది. దానికి అడ్డం కూర్చోవాలని ఇక ఎవరికీ తోచలేదు. కరువుకు కారణం దొరికింది, కాల్చేశారు, వాన కూడా పడింది. ఇంకా అడగడానికేం మిగిలింది?

వాన మొదలైనప్పుడు సాలమ్మ వాకిట్లో ఉంది. ఉరుము ఉరిమి, పెళ్లున చినుకులు దిగాయి. పిల్లలు కేకలేస్తూ వీధిలోకి ఉరికారు. ఆడవాళ్లు ఉన్న గిన్నెలన్నీ చూరు కిందికి తెచ్చిపెట్టారు. మొగులయ్య తడుస్తూ వచ్చి, చిన్నవాడు తల్లికి మొక్కినట్టు ఆమె కాళ్లకు మొక్కాడు. "వదినా, నీ మొగడు ఊరిని బతికిచ్చిండే! బతికున్నప్పుడు గూడ నీళ్లిచ్చె, ఇప్పుడు గూడ ఇచ్చె" అని బావురుమన్నాడు. మిగిలిన నాలుగు మేకలూ బతుకుతాయన్న సంతోషం అది. నర్సమ్మ వచ్చి ఆమెను వాటేసుకుంది.

అప్పుడే ఎల్లేష్ ట్యాంకర్ ఆపి పరుగెత్తుకొచ్చాడు. నిలువెల్లా తడిసి, కళ్లు మెరుస్తూ, ఏడుస్తూ నవ్వుతున్నాడు.

"జూసినవా అమ్మా! నేను తప్పు జెయ్యలే! నాయినకెల్లే ఆగిందమ్మా వాన! నిజంగ నాయినకెల్లే!" అన్నాడు.

అతను నటించడం లేదు. ఆ క్యాన్ నీళ్లు తన చేతులతో తెచ్చినవాడు, ఆ గడ్డి ఎలా బతికిందో ఊళ్లో తల్లి తర్వాత తెలిసిన ఒకే ఒక్కడు, మనస్ఫూర్తిగా నమ్మేశాడు. నమ్మకపోతే అతను బతకలేడు. సాలమ్మ కొడుకు మొహం చూసింది. మట్టి పరిమళం లేస్తోంది, మెడ మీద వాన చల్లగా జారుతోంది. ఆ చల్లదనానికి ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో ఆమెకూ ఒక ఆలోచన వచ్చింది, ఎవరూ చెప్పకుండా దానంతటదే వచ్చింది. అయ్యో, నిజమేనేమో. ఆయన వల్లనే ఆగిందేమో.

అనుకున్నది తానేనని తెలిసేసరికి ఆమె ఒక్క ఉదుటున చెరువు దిక్కు తిరిగింది. రెండు చేతులూ ఎత్తి తన చెంపలు తానే వాయించుకుంది, తప్పు తప్పని ఏడుస్తూ, ఆపకుండా, దవడలు ఎర్రబడేదాకా.

చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. వానదేవుడికి ఆమె లెంపలు వేసుకుంటోందని అనుకున్నారు. ముందు నర్సమ్మ వేసుకుంది, తర్వాత మొగులయ్య. ఎల్లేష్ కూడా తల్లి పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, చెరువు దిక్కు తిరిగి భక్తిగా లెంపలు వేసుకున్నాడు.